పగలాల్సిన గీజరు

పుసెలెత్సో ఎవరి సొమ్మూ ఆశించిన మనిషి కాదు. బొత్సాబెలో ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు దుప్పట్లు ఉతికింది కానీ ఒక్క సబ్బు ముక్క ఇంటికి తెచ్చుకోలేదు. అలాంటి ఆవిడ ఈ జూలైలో పొద్దున్నే లేచి, సీలింగు వైపు చూసి, "ఇంకా పగల్లేదా నువ్వు?" అని అడగడం మొదలుపెట్టింది.

అడిగేది గీజరుని. ముందుగది సీలింగుకీ పైరేకులకీ మధ్య పద్దెనిమిదేళ్లుగా పడుకుని ఉందది. "అమ్మా, ఇక జన్మలో నీకు కెటిల్ నీళ్ల స్నానం ఉండదు" అని తల్లికి మాటిచ్చి మరీ పెట్టించాడు భర్త తెఫో. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఆ మాట మాత్రం పుసెలెత్సో నెత్తిన ఉండిపోయింది. ఇప్పుడు గీజరు గోరువెచ్చటి నీళ్లిస్తూ చుక్కచుక్కగా కారుతోంది. పెరట్లో కుళాయి గడ్డకట్టే చలి, జూలై అంటే అక్కడ నడి చలికాలం మరి. ఇంట్లో తొంభై ఒక్కేళ్ల అత్తగారు మొయిపొనే.

ఇంటి బీమా కంపెనీ అమ్మాయి ఫోన్లో మర్యాదగానే చెప్పింది. "కారితే మీ బాధ్యతండీ. పగిలితే మాది. కొత్తది పెట్టిస్తాం."

"ఎప్పుడు పగులుతుందమ్మా?"

"అది మేం చెప్పలేమండీ."

"పోనీ నేనే కాస్త..."

"మీరు చెయ్యేస్తే ఏమీ రాదండీ."

ఇక ఎదురుచూపులే. సోఫాలు గోడకి జరిపింది. టీవీకి దుప్పటి కప్పింది. తెఫో ఫోటో వంటింట్లో ఉప్పు డబ్బా పక్కకి చేరింది. ఇల్లు ఖాళీ చేస్తున్నావా అని వీధిలోవాళ్లు అడిగారు. రోజూ పొద్దున్నే రెండు పెద్ద కెటిళ్లు మోసుకెళ్లి, అత్తగారి వీపు మీద పోసేది. పోసినంతసేపూ ఆవిడ గొణిగేది. "నా కొడుకు ఏం చెప్పాడు, నువ్వేం చేస్తున్నావు?"

గురువారం చర్చి ఆడవాళ్లు పదకొండు మంది ఎర్ర జాకెట్లూ తెల్ల కాలర్లూ వేసుకుని ప్రార్థనకి వచ్చారు. ఆ వారం ఎవరింట్లో కూర్చుంటే వాళ్లు తమ కష్టం దాచకూడదు. పెద్దావిడ ఎవోడియా ఒళ్లో తోలుదిండు పెట్టుకుంది. ప్రార్థించేటప్పుడు దాన్ని బాదడం ఆనవాయితీ.

"ఏం కష్టమే చెల్లీ?"

పగలాలని ఎలా చెబుతుంది? "గీజరు" అని ఊరుకుంది.

"ప్రభువా, ఎర్రసముద్రాన్ని ఆపినవాడివి, ఈ చుక్క నీకో లెక్కా?" ఎవోడియా దిండు బాదింది. పుసెలెత్సో కళ్లు మూసుకుని, "వీళ్ల మాట వినకు తండ్రీ" అని లోలోపలే మొక్కుకుంది. అటు పదకొండు మంది, ఇటు ఒక్కతి. ఆమెన్ అనేసరికి కారడం ఆగిపోయింది. ఆడవాళ్లు ఆనందంతో ఏడ్చి, టీలు తాగి వెళ్లారు. మర్నాటికి ఆ గోరువెచ్చదనం కూడా లేదు. గీజరు కారదు, కాగదు, పగలదు. ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది. పుసెలెత్సోకి ఏడుపు కూడా రానంత కోపం వచ్చింది.

మళ్లీ గురువారం అందర్నీ తన ఇంటికే పిలిచి ఉన్నమాట చెప్పేసింది. "అక్కా, పోయినవారం ప్రార్థన వెనక్కి తీసుకోండి."

"కొట్లో కొన్న బూట్లటే, కరుస్తున్నాయని వాపసివ్వడానికి?" అంది ఎవోడియా. "పాడైపోవాలని మేం అడగం."

లోపలి గదిలోంచి దుప్పటి కప్పుకుని, కర్ర పొడుచుకుంటూ మొయిపొనే వచ్చింది. "జరగండి. నేనడుగుతా." సీలింగు వైపు కర్ర ఎత్తింది. "యెరికో గోడలు పడగొట్టావు. ఈ డబ్బా ఎంత నీకు? నా కోడలి నడుం పోతోందయ్యా కెటిళ్లు మోసి. పగలగొట్టు."

అత్త నోట తన నడుం మాట పుసెలెత్సో కోడలై వచ్చిన ముప్ఫై తొమ్మిదేళ్లలో ఎన్నడూ వినలేదు.

పెద్దవాళ్లు ప్రార్థిస్తే ఆమెన్ అనక తప్పదు. అన్నారు. పాట ఎత్తుకున్నారు, కాళ్లతో నేల అదరగొట్టారు. మూడో చరణంలో పైన ఏదో మూలిగింది. సీలింగు పలకా, పద్దెనిమిదేళ్ల తుప్పూ, బిందెలకొద్దీ చన్నీళ్లూ కలిసి గది మధ్యలో పడ్డాయి. ఎర్ర జాకెట్ల రంగు దిగి తెల్ల కాలర్లన్నీ గులాబీరంగు తిరిగాయి. ఎవోడియా తోలుదిండు నెత్తిన పెట్టుకుని నాలుగో చరణం కూడా పూర్తిచేసింది. పాట మధ్యలో ఆపడం వాళ్ల ఇంటావంటా లేదు.

సోమవారం బీమా మనిషి వచ్చి పైకప్పంతా వెతికాడు. "ఎవరైనా చెయ్యేశారా అండీ?"

పుసెలెత్సో ముప్ఫై ఏళ్లు సబ్బు ముక్క ముట్టని మనిషి. అబద్ధం రాదు, నిజం చెబితే గీజరు రాదు.

"చెయ్యి ఎవరూ వెయ్యలేదు నాయనా," అంది మొయిపొనే. "దేవుణ్ణి అడిగాం. ఆయన పగలగొట్టాడు."

అతను కాగితమంతా వెతికాడు. దేవుడికి గడి లేదు. "పగిలింది" అని మాత్రం రాసుకుపోయాడు.

కొత్త గీజరు వచ్చిన మొదటి పొద్దున బాత్రూమంతా ఆవిరి. "ఇదిగో అత్తమ్మా, నీ కొడుకు మాట" అని పుసెలెత్సో కుళాయి తిప్పింది. ముసలావిడ తొట్లో కూర్చుని నీళ్లలో చెయ్యి పెట్టి చూసింది. బాగుందంది. తర్వాత తొట్టి పక్కన అటూ ఇటూ వెతికింది.

"కెటిల్ ఏదే?"

"ఇన్ని వేణ్ణీళ్లుంటే కెటిలెందుకత్తమ్మా?"

"కుళాయి వచ్చి నా వీపు మీద పోస్తుందటే? చిన్నది తే చాలు. నడుం జాగ్రత్త."