రెండో గేటు

ఆగస్టులో ఒక పొద్దున మైరన్ హ్రిసాక్ తన పొలం గేటు పక్కన వాడిపోయిన కనోలా నూనెగింజ మొక్కను పట్టి లాగాడు. వేళ్లు ఉండవలసిన చోట అల్లం కొమ్ముల్లాంటి బుడిపెలు ఉన్నాయి. పక్క మొక్కకూ అంతే. గేటు నుంచి లోపలికి ఒక ఇల్లంత మేర పైరు పాలిపోయి ఉంది. వారం రోజులుగా దాన్ని చూస్తూ ఎండదెబ్బ అనుకుంటున్నాడు.

అతనికి అరవై దాటాయి. తండ్రి గోధుమ వేసి, గోధుమతోనే ముసలివాడయ్యాడు. పొలం మైరన్ చేతికి వచ్చేనాటికి మా వైపు కనోలా ఊపందుకుంది. జూలై వస్తే వెగ్రెవిల్ ఊరెళ్లే రోడ్డుకు రెండు పక్కలా కంటికి ఆనినంత మేర పసుపు పూలే. ఆ పూలే అతని ఇంటికి కొత్త కప్పు వేశాయి, కూతురిని నర్సింగు చదివించాయి, వాకిట్లో పెద్ద కోత యంత్రాన్ని నిలబెట్టాయి. మూడు నాలుగేళ్లకోసారి వేయవలసిన పంటను మైరన్ ఏడాది విడిచి ఏడాది, ఒక్కోసారి వరసగానూ వేశాడు. అందరూ అంతే చేశారు. ఊళ్లో రైతులు చేరే కాఫీ బల్ల దగ్గర తోటి రైతు స్టీవ్ చోర్నీ ఎప్పుడూ అదే ఎత్తేవాడు.

"పంట మార్చడమంటే మా మైరన్‌ని చూసి నేర్చుకోవాల్రా. కనోలా, తర్వాత మంచు, తర్వాత మళ్లీ కనోలా."

"నువ్వయితే ఆ మంచు పడేదాకా కూడా ఆగవు కదరా," అనేవాడు మైరన్.

ఇప్పుడు పంటల సలహాదారు కెండ్రా వచ్చింది. బూట్లకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని గేటు దగ్గర దిగింది. నాలుగు చోట్ల మొక్కలు పీకి చూసింది.

"మైరన్ గారూ, ఇది మట్టిలో ఇరవై ఏళ్లయినా బతికే తెగులు."

"నేను వేసింది తట్టుకునే రకమేనమ్మా. ఆ మాట చెప్పే కదా అంత ధర గుంజారు."

"ఒకే రకం మళ్లీ మళ్లీ వేస్తే తెగులు దానికి అలవాటు పడిపోయింది. కొత్త రకం వచ్చింది. కానీ ఈ మచ్చ మీద వేయకండి, అదీ పోతుంది. మచ్చ మేర గడ్డి విత్తనం చల్లండి. మిగతా పొలంలోకి ఈ గేటునుంచి చక్రం కూడా పోనివ్వకండి." సంచులు విప్పుతూ అడిగింది, "ఈ తెగులు చక్రాలకంటిన మట్టితోనే వస్తుంది. ఆ మట్టి ఎక్కడినుంచి వచ్చి ఉంటుంది?"

"ఏమో," అన్నాడు మైరన్.

అతనికి తెలుసు. రెండేళ్ల కిందట పక్క పొలం కార్ల్ లుండ్ సరిగ్గా కోతల ముందు గుండె ఆగి పోయాడు. మా వైపు అలాంటప్పుడు ఎవరినీ పిలవనక్కర్లేదు. సొంత పంట కోతకు నిలబడి ఉన్నా సరే, ఎవరి యంత్రం వాళ్లు తోలుకుని వస్తారు. కోత రోజుకు ముసురు వెలిసినా నేల బురదగానే ఉంది. కార్ల్ కనోలా చీకటి పడకముందే కోసి ఎత్తేశారు. చక్రాలకు మట్టి ముద్దలు ముద్దలుగా అంటుకుంది. ఒక పొలం మట్టిని ఇంకో పొలంలోకి మోయకూడదని అక్కడున్న అందరికీ తెలుసు. కానీ పోయిన మనిషి మట్టిని అతని భార్య డోరిస్ కళ్ల ముందే, అసహ్యమైనదాన్ని వదిలించుకున్నట్టు కడగడం ఎవరికీ మనసొప్పలేదు. డోరిస్ అందరికీ ఆపిల్ కేకు కోసి పెట్టింది. తిని, టోపీలు తీసి, వెళ్లిపోయారు. మైరన్ అటునుంచి అటే తన పొలంలోకి తోలాడు.

చలికాలమంతా వంటింటి బల్ల దగ్గర అదే మాట నడిచింది.

"కనోలా మానెయ్యి మైరన్," అంది భార్య ఐరీన్.

"మానేసి? గోధుమకి ఈ తెగులు రాదు, సరే, కానీ దానికి వచ్చేది ఎరువుకే చాలదు. బఠాణీ వేస్తే నిరుడు వేరు కుళ్లింది. డీజిల్ సంగతి నువ్వే చూస్తున్నావు."

"యంత్రం అమ్మేద్దాం."

"అమ్మి, ఆ గోధుమైనా దేంతో కోస్తావ్? కొడవలితోనా?"

"మా అమ్మమ్మ కోసింది."

"మీ అమ్మమ్మకి మోకాళ్లుండేవి."

ఐరీన్ నవ్వలేదు. మైరన్ కొత్త రకం కనోలా విత్తనానికి, విత్తనాలమ్మే రాన్‌కు చెప్పేశాడు. గేటు దగ్గర మచ్చకు గడ్డి విత్తనం చల్లుతాడు. పొలానికి అవతలి పక్క, లుండ్ వాళ్ల దారి మీదుగా రెండో గేటు పెట్టుకుంటాడు. తెగులు ఒక మూలకే కట్టుబడి ఉంటే మిగతా పొలం బతికినట్టే. అతని దగ్గర మిగిలిన ఉపాయం అదొక్కటే.

మార్చి చివర డోరిస్ దగ్గరికి వెళ్లాడు. కార్ల్ పోయాక ఆవిడ పొలమంతా గడ్డి వేయించింది. డెబ్బై ఆరేళ్ల మనిషి. కాఫీ పోసి, ఏలకుల రొట్టె ముందుకు జరిపింది.

"మా వైపు గేటెందుకయ్యా? ఉన్న గేటుకేమొచ్చింది?"

"అటువైపు నేల దిగబడుతోంది డోరిస్ గారూ."

"నలభై ఏళ్లు పక్కన బతికాను. నీకు అబద్ధమాడటం ఇంకా చేతకాలేదు." ఆవిడ తన కప్పు ముట్టుకోలేదు. "బుడిపెలా?"

మైరన్ తల ఊపాడు.

"కార్ల్ చూశాడు. పోయే ముందు జూలైలో. పల్లంలో, నీ కంచె పొడుగునా. బయటికి తెలిస్తే భూమి ధర పడిపోతుందని భయపడ్డాడు. నీకు మాత్రం చెప్తానన్నాడు. కోతలవ్వనీ, అప్పుడు చెప్తానన్నాడు."

"మరి మీకు తెలిసి కూడా..."

"అందరికంటే ముందు నీ యంత్రమే వచ్చింది మైరన్. కిటికీలోంచి చూస్తున్నా. ఆయన్ని పూడ్చి మూడు రోజులు కాలేదు. పని మానుకుని వచ్చినవాళ్లని, చక్రాలు కడుక్కుని పొండని ఎలా చెప్పను? ఏ నోటితో చెప్పను?"

మైరన్ కాఫీ కప్పు పక్కకు జరిపాడు.

"ఆ పల్లంలో నీళ్లు ఎటు పోతాయి?" అని అడిగాడు. జవాబు అతనికి తెలుసు.

"నీ పొలంలోకే. ప్రతి వసంతం."

"ఇరవై ఏళ్లు డోరిస్ గారూ. నాకు అరవై రెండు."

"తిట్టు. తిడితే నాకూ కొంచెం తేలిగ్గా ఉంటుంది."

అతను తిట్టలేదు. రొట్టె ముక్క తీసుకుని, తినకుండానే పళ్లెంలో పెట్టాడు.

"గేటు కావాలంటే పెట్టుకో," అంది డోరిస్ గుమ్మం దాకా వచ్చి. "నా అభ్యంతరమేం లేదు."

మైరన్ కంచె వెంట నడిచి వచ్చాడు. మంచు కింద అప్పటికే నీళ్లు కదులుతున్నాయి. పల్లం నుంచి కంచె కిందుగా, తన పొలం నడిమి దాకా తడి నల్లగా పాకి ఉంది. గేటు ఎక్కడ పెట్టినా ఇక ఒకటే. కొత్త విత్తనమైనా ఒక్క పంటే నిలుస్తుంది, మహా అయితే రెండు. ఆ తర్వాత దానికీ తెగులు అలవాటు పడి, అదే నీళ్లతో కింది పొలాల్లోకి దిగుతుంది.

ఇంటికొచ్చి, కోటు విప్పకుండానే విత్తనాల రాన్‌కు ఫోన్ చేశాడు.

"కనోలా రద్దు చెయ్యి రాన్."

"ఎంత?"

"అంతా."

"నిద్ర లేచే మాట్లాడుతున్నావా? ఏం వేస్తావ్ మరి?"

"గోధుమ."

"మొత్తం గోధుమే? దాంతో నిలబడతావా?"

సింకు దగ్గర ఐరీన్ కుళాయి కట్టేసింది.

"లేదు," అన్నాడు మైరన్. "ఈ ఏడు గడుస్తుంది. పై ఏడు నాకు తెలీదు."

అటువైపు రాన్ కాగితాలు తిరగేస్తున్నాడు. వెనక ఎవరో నవ్వుతున్నారు, తలుపు పడిన చప్పుడు వినిపించింది.

"సరే," అన్నాడు చివరికి. "గోధుమలో ఏ రకం పంపమంటావ్?"