వెనక కుడి తలుపు

2014 జనవరిలో ఒక మంగళవారం ఉదయం ఏడున్నరకి, మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో, కాలనీలోంచి మెయిన్ రోడ్డు మీదకి ఎడమవైపు తిరుగుతున్న ఒక కారు వెనక కుడి తలుపు దానంతట అదే తెరుచుకుంది. ఆ పక్క సీట్లో ఏడేళ్ళ పాప కూర్చుని ఉంది. బెల్టు పెట్టుకుంది కాబట్టి సీట్లోనే ఉండిపోయింది. ఒళ్ళో పెట్టుకున్న లంచ్ బాక్స్ మాత్రం జారి రోడ్డు మీద పడి, అంచున పేర్చిన మంచు గట్టు దాకా దొర్లుకుంటూ వెళ్ళింది. తల్లి బ్రేకు వేసింది. వెనక వస్తున్న స్కూల్ బస్సు కూడా ఆగింది. పాప ఏడవలేదట. "అమ్మా, డోర్ ఓపెన్ అయింది" అని మామూలుగా చెప్పిందట. ఏడ్చింది తల్లి.

గంట తరవాత ఆ కారు మా గరాజ్‌కి వచ్చింది.

నేనక్కడ సర్వీస్ అడ్వైజర్‌ని. అంటే మెకానిక్‌ని కాను. కారు తెచ్చినవాళ్ళ మాటలు విని కాగితం మీద పెట్టే మనిషిని. ఆ కాగితాన్ని రిపేర్ ఆర్డర్ అంటారు. అందులో మూడు గడులు ఉంటాయి: కంప్లయింట్, కాజ్, కరెక్షన్. వచ్చినవాళ్ళు ఏం చెప్పారు, అసలు కారణం ఏమిటి, మేం ఏం చేశాం. అమెరికాకి రాకముందు విజయవాడలో ఒక దినపత్రిక డెస్క్‌లో పధ్నాలుగేళ్ళు పనిచేశాను. మా ఆవిడ ఉద్యోగం కోసం ఇటు వచ్చాక ఈ పని దొరికింది. పెద్ద తేడా అనిపించలేదు. ఇక్కడ కూడా నలుగురు చెప్పిందాన్ని మూడు వాక్యాల్లోకి కుదించాలి.

చలికాలంలో మాకు వచ్చే కేసుల్లో సగం తలుపులవే. తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ తడిసి, రాత్రికి గడ్డకట్టి, తలుపుని బాడీకి అతికించేస్తుంది. గట్టిగా లాగితే హ్యాండిల్ ఊడి చేతిలోకి వస్తుంది. మనవాళ్ళు ఎక్కువగా చేసేది ఇంట్లోంచి చెంబుతో వేణ్ణీళ్ళు తెచ్చి పోయడం. తలుపు తెరుచుకుంటుంది, ఆఫీసుకి వెళతారు, సాయంత్రానికి ఆ నీళ్ళే తాళంలోకి దిగి రెండింతలు గడ్డకడతాయి. ఒక కుర్రాడైతే మూసుకోని తలుపుని లుంగీతో అవతలి తలుపుకి కట్టేసి ఆన్ ఆర్బర్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ వచ్చాడు. నవ్వుకున్నాం గానీ, కట్టిన ముడి మాత్రం బాగుంది.

ఈ కారు తెచ్చినావిడ పేరు సుధ. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. భర్త ఒహాయోలో ప్రాజెక్ట్ మీద ఉండి వారాంతాలకి వస్తాడట. పాపని పక్కింటివాళ్ళ కారులో స్కూలుకి పంపేసి వచ్చింది. ఆమెతోపాటు ఆమె తండ్రి ఉన్నారు, మాధవరావు గారు. మంకీ క్యాప్, మఫ్లర్, ఎవరిదో వదులు జాకెట్. దారంతా ఆ వెనక సీట్లోనే కూర్చుని, రెండు చేతులతో తలుపు పట్టుకుని వచ్చారు. గ్లవ్స్ తీశాక కూడా వేళ్ళు అలాగే వంకరగా ఉండిపోయాయి.

"ఏమైందమ్మా?" అని అడిగాను.

"డోర్ సరిగా పడలేదండీ. పొద్దున పాపని ఎక్కించి డోర్ వేసేది నాన్నే. లాస్ట్ ఇయర్ ఆయనకి కుడి చేతికి కొంచెం పెరాలసిస్ వచ్చింది. తగ్గింది అనుకున్నాం. ఇంక నేనే వేసుకుంటాను గానీ, ఒకసారి లాచ్ కూడా చూసేయండి, నా మనసు కుదుటపడుతుంది."

ఆమె గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ కష్టంగా ఉంది. మాధవరావు గారు గోడ మీది టైర్ల బొమ్మ వైపు చూస్తూ నిలబడ్డారు. నేను కంప్లయింట్ గడిలో ఇలా రాశాను: కస్టమర్ చెప్పిన ప్రకారం తండ్రి తలుపు పూర్తిగా మూసి ఉండకపోవచ్చు. పరీక్షించగలరు.

సుధ ఫోన్ మాట్లాడడానికి పక్కకి వెళ్ళింది. ఆయనకి కాఫీ ఇచ్చాను. ఎడమ చేత్తో తీసుకున్నారు.

"సారు, మీదేడ?"

"విజయవాడండీ. మీది?"

"ఖమ్మం. ఆర్టీసీల కండక్టర్ చేసిన, ముప్పై ఒక్క ఏండ్లు. దీపావళి అయినంక వచ్చిన ఇటు." కప్పు వంక చూశారు. "సారు, బస్సు తలుపు పడ్డదా లేదా చూడకుండ నేను ఒక్కనాడు బెల్లు కొట్టలే. ఎవరిని అడుగుతరో అడుగుండ్రి. పొద్దున గూడ చప్పుడు విన్న. విన్న అనే అనుకుంటున్న. ఇప్పుడు అది నిన్నటి చప్పుడో, ఇవాల్టిదో తెలుస్తలేదు."

వాళ్ళ ఇంట్లో ఒక అలవాటు ఉందని అప్పుడే చెప్పారు. రోజూ పాపని సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, తలుపు వేసి, కారు టాపు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టి "రైట్ రైట్" అంటారట. లోపల్నుంచి పాప "రైట్ రైట్" అంటేనే సుధ కారు కదిలించాలి. అమెరికాలో ఆయనకున్న డ్యూటీ అదొక్కటే. ఇకమీదట డోర్ తనే వేస్తానని దారిలో కూతురు చెప్పేసింది.

మా మెకానిక్ గ్యారీ, ముప్పై ఏళ్ళుగా తలుపులు విప్పుతున్నవాడు, కారుని లోపలికి తీసుకెళ్ళాడు. నలభై సార్లు వేసి తీశాడు. నలభై సార్లూ తలుపు చక్కగా పడింది. వచ్చి తల అడ్డంగా ఊపాడు. "కుడ్ నాట్ డూప్లికేట్."

అది మా భాషలో ఒక తీర్పు లాంటిది. చెప్పిన సమస్య మా దగ్గర మళ్ళీ కనిపించలేదని అర్థం. ఆ మాట కాజ్ గడిలో పడితే కారుకి దోషం లేదు, మిగిలింది మనిషి. నేను పెన్ను తీసి మొదటి అక్షరం రాశాను కూడా. కిటికీలోంచి చూస్తే మాధవరావు గారు వెయిటింగ్ హాల్ తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఎవరైనా లోపలికి వచ్చినప్పుడల్లా ఆ గాజు తలుపుని కుడిచేత్తో నెట్టి మూస్తున్నారు. మూశాక చెవి దగ్గరగా పెట్టి వింటున్నారు.

డెస్క్‌లో ఉన్నప్పుడు ఒక పక్క మాటే రాసుకొచ్చిన వార్త కాపీని నేను ఎన్నిసార్లు వెనక్కి విసిరానో లెక్కలేదు. ఇప్పుడు నా చేతిలో ఉన్నది అలాంటి కాపీయే. కంప్లయింట్ గడిలో కూతురి మాట ఉంది. తలుపు వేసిన మనిషి మాట లేదు. నేను అడగలేదు, ఆయనే చెప్పుకున్నారు. కాగితం మీద కింద ఇంకో వాక్యం చేర్చాను: తలుపు వేసిన వ్యక్తి మూసుకున్న శబ్దం విన్నానంటున్నారు.

గ్యారీకి చూపించి, "రాత్రంతా బయట ఉంచుదామా?" అన్నాను.

చలికేసుల్లో ఉన్న చిక్కు అదే. కారుని వెచ్చటి షెడ్డులోకి తేగానే ఐసు కరిగిపోతుంది, సాక్ష్యం కూడా దానితోపాటే కరిగిపోతుంది. అందుకని బండిని రాత్రంతా బయట చలికి వదిలేసి, తెల్లారాక లోపలికి తేకుండా అక్కడే పరీక్షిస్తాం. కోల్డ్ సోక్ అంటారు. గ్యారీ బయటి థర్మామీటర్ వైపు చూసి, "నీ ముసలాయన కోసం నా వేళ్ళు పోగొట్టుకోవాలన్నమాట" అని సణిగాడు. సణిగాడు గానీ కారుని షెడ్డుకి దూరంగా, గాలి తగిలే చోట పెట్టాడు. సుధని, ఆయన్ని మా వ్యాన్‌లో ఇంటికి పంపాం.

బుధవారం ఉదయం సెల్సియస్‌లో మైనస్ ఇరవై ఉంది. గ్యారీ తలుపు వేశాడు. ధడ్ మని మంచి చప్పుడు. పక్కనే నిలబడ్డ నేను మూసుకుందనే అనుకున్నాను. గ్యారీ రెండు వేళ్ళతో అంచు పట్టుకుని కొంచెం లాగాడు. తలుపు హాయిగా వచ్చేసింది.

తలుపు అంచులో ఉండే లాచ్‌లో ముఖ్యంగా రెండు ముక్కలుంటాయి. కారు బాడీకి ఉన్న కమ్మీని పట్టుకునే కొక్కెం ఒకటి. ఆ కొక్కెం వెనక్కి తిరగకుండా అడ్డుపడే చిన్న నాలుక ఒకటి, పాల్ అంటాం. మనకి వినిపించే పెద్ద చప్పుడు తలుపుది, కొక్కేనిది. నాలుక పడే చప్పుడు అందులో కలిసిపోతుంది. ఇక్కడ కొక్కెం తిరిగింది, నాలుక పడలేదు. దాని చుట్టూ తెల్లగా, కొవ్వొత్తి మైనంలా ఏదో గట్టిపడి ఉంది. కొక్కెం ఆ జిగురులో కాసేపు నిలిచింది. మలుపులో తలుపు బరువు బయటకి లాగగానే వదిలేసింది. తలుపు పడకపోతే డ్రైవర్ ముందు డ్యాష్‌బోర్డు మీద ఒక లైటు వెలగాలి. అది చలికాలం మొదలైనప్పటినుంచీ దానిష్టం వచ్చినట్టు వెలుగుతోందని, చూడ్డం మానేశానని సుధ ముందురోజే చెప్పింది.

గ్యారీ స్క్రూడ్రైవర్ కొనతో ఆ తెల్లటి పదార్థం కొంచెం గీకి, వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు. "ఫ్లోరిడా వాసన" అన్నాడు. "మా ఆవిడ బీచ్‌లో రాసుకునే లోషన్."

నాకు ఇచ్చాడు. నాకు ఫ్లోరిడా తట్టలేదు. చిన్నప్పటి ఆదివారం తలంటు తట్టింది. కొబ్బరి నూనె.

కొబ్బరి నూనె ఇక్కడి వంటింట్లోనే సీసాలో పేరుకుపోతుంది. కిర్రుమనే తలుపుకి నాలుగు చుక్కల నూనె పోయడం మనకి ఆలోచించకుండా వచ్చే పని. చేతికందిన నూనె అదైతే ఎండాకాలమంతా చప్పుడు లేకుండా నడుస్తుంది. ఇలాంటి చలి మొదలయ్యాక అది నూనె కాదు, మైనం.

ఆ రోజు చలికి స్కూళ్ళు మూసేశారు. అందుకని పాప అన్విత కూడా వాళ్ళతో వచ్చింది. రెండు జడలు, గట్టిగా దువ్వి, నూనె పెట్టి ఉన్నాయి. గ్యారీ విప్పిన లాచ్‌ని ట్రేలో పెట్టి కౌంటర్ మీదకి తెచ్చాడు. షెడ్డు వేడికి అప్పటికే మైనం అంచులు కరుగుతున్నాయి. కొక్కేన్ని వేలితో తిప్పి, నాలుక కదలకుండా ఎలా ఉండిపోతుందో చూపించాడు. నేను తెలుగులో చెప్పాను.

మాధవరావు గారు వంగి చాలాసేపు చూశారు.

"అంటే నేను విన్న చప్పుడు..."

"నిజమేనండీ. మీరు తలుపు సరిగానే వేశారు. నాలుక పడలేదు. నేను వేసినా పడదు."

ఆయన కుడి చెయ్యి కౌంటర్ మీద పెట్టి, వేళ్ళు ఒకటొకటిగా చాపారు. సుధ ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. "సారీ నాన్నా" అంది. "నిన్న అట్ల అనాల్సింది కాదు."

"నువ్వేమన్నవు బిడ్డా. పిల్లని చూసి భయపడ్డవు."

అప్పుడామె అడిగింది. అడక్క మానదు కదా. "మరి ఆ వైట్ స్టఫ్ ఏంటండీ?"

చెప్పాను.

"కొబ్బరి నూనా? లాచ్‌లోనా? ఎవరు పోశారు?"

పాప జడ కొసని నోట్లో పెట్టుకుంది. తాత వైపు చూసింది. సుధ ముఖంలో కూడా ఏదో కదిలింది, ఏదో గుర్తు చేసుకుంటున్న మనిషిలా.

"నేనే పోసిన" అన్నారు మాధవరావు గారు. "దసరాకి. కిర్రుకిర్రు అంటుంటే పూజనాడు రెండు చుక్కలు వేసిన. బస్సుకైతే వేసేటోళ్ళం."

నేను ఆయన వైపు చూశాను. దీపావళి అయ్యాక వచ్చానని ముందురోజు ఆయన నోటితోనే విన్నాను. ఆ ఏడు దసరానాటికి ఆయన ఖమ్మంలో ఉన్నారు. తండ్రి ఏ రోజున విమానం దిగాడో సుధకి నాకంటే బాగా తెలిసి ఉండాలి.

"సరే నాన్నా" అంది. "ఇంక పొయ్యకు."

"పొయ్యను. సిలికాన్ స్ప్రే అంట కదా, సారు చెప్పిండు. అదే కొడత."

నేను అప్పటిదాకా సిలికాన్ మాటే ఎత్తలేదు, కౌంటర్ మీద అమ్మకానికి పెట్టిన డబ్బా చూసి అన్నట్టున్నారు. ఆ తరవాత చెప్పాను. తలుపు రబ్బరుకి సిలికాన్ స్ప్రే, లాచ్‌కి చలికి గట్టిపడని గ్రీజు, వంటింటి నూనెలు ఏవీ వద్దు. ఆయన బుద్ధిగా తల ఊపారు.

కొత్త లాచ్ బిగించాం. గ్యారీ కారుని మళ్ళీ బయట చలిలో పెట్టి, రెండు గంటలాగి, ఇరవైసార్లు వేసి లాగి చూశాడు. తలుపు కదల్లేదు. సుధ డ్రైవర్ సీట్లో కూర్చుంది. తండ్రి కోసం తలుపు తీసి పెట్టింది గానీ పాప తలుపు జోలికి వెళ్ళలేదు. మాధవరావు గారు పాపని ఎక్కించి, బెల్టు పెట్టి, గ్లవ్ తీసేసి కుడిచేత్తో తలుపు వేశారు. వేసి, రెండు వేళ్ళతో అంచు పట్టి లాగి చూశారు. అది గ్యారీ దగ్గర నేర్చుకున్నారు. అరచేత్తో టాపు మీద రెండు దెబ్బలు.

"రైట్ రైట్."

అద్దం మూసి ఉంది కాబట్టి లోపలి మాట నాకు వినపడలేదు. కారు మాత్రం కదల్లేదు. ఆయన అటు తిరిగొచ్చి ముందు సీట్లో కూర్చుని తన తలుపు వేసుకున్నాక, పాప ఇంకోసారి అన్నట్టుంది. అప్పుడు కదిలింది.

ఆ కేసు తరవాత నేనొక పద్ధతి పెట్టుకున్నాను. కారు తెచ్చిన మనిషితోపాటు ఇంకెవరైనా మౌనంగా నిలబడి ఉంటే, పెన్ను తీసేముందు వాళ్ళని కూడా అడుగుతాను. చాలాసార్లు వాళ్ళు చెప్పేది పనికిరాదు. అయినా కంప్లయింట్ గడిలో వాళ్ళకొక వాక్యం ఉంటుంది.

ఆ రోజు కాజ్ గడి నింపడానికి మాత్రం చాలాసేపు పట్టింది. మాధవరావు గారు ఒప్పుకున్నారు, కాబట్టి ఆయన పేరు రాయొచ్చు. అది నిజం కాదని నాకు తెలుసు. పాప అయి ఉండొచ్చు. దసరా పూజలో సుధో, ఆమె భర్తో అయి ఉండొచ్చు. ఎవరిని కాపాడుతున్నారో ఆయనకి తెలుసో, తెలియకుండానే తలుపుకి అడ్డం నిలబడ్డారో అది కూడా తెలియదు. చివరికి నాకు తెలిసినంతే రాశాను: లాచ్‌లో బయటి నూనె గడ్డకట్టింది. పోసినవారు ఎవరో తెలియదు.