సరోజక్క పేరుతో నేను రాసిన జవాబు

ఆరేళ్ళుగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగుడుపడదు, బయటికీ రాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీతో చెప్పగలననిపిస్తోంది. చదువుతూ ఉండగా ఎక్కడైనా నా మీద జాలి పుడితే, ఆపి, చనిపోయిన మనిషిని తలచుకోండి. ఆమె పేరు లలిత.

పుదుచ్చేరి బజారులో మాది పాత్రల కొట్టు. ఒకసారి వెనక గిడ్డంగిలోకి పాము దూరింది. పనివాళ్ళు కర్రలు తీశారు. ఎవరో సరోజక్కను పిలిపించారు. తట్టాంచావడిలో ప్లాస్టిక్ బక్కెట్లు చేసే ఫ్యాక్టరీలో ఆమె కూలి. అక్కడి పొదల్లో తిరిగే పాములను పట్టీ పట్టీ వాటి గుణం తెలుసుకున్న మనిషి. గోనెసంచి పరిచి, చిన్న కర్రతో పామును అందులోకి మళ్ళించి, మూతి కట్టేసింది. చూస్తూ నిలబడ్డ నాకు ఒక ఆలోచన వచ్చింది. ఇంట్లో పాము కనబడిన వాళ్ళు ఫోటో పెడితే, అది విషప్పామో కాదో తెలిసినవాళ్ళు చెప్పేలా ఇంటర్నెట్‌లో ఒక ఫోరం పెట్టాను. అడ్మిన్ నేను. జవాబులు చెప్పే మోడరేటర్లు ముగ్గురు. వాళ్ళలో సరోజక్క మాటంటే అందరికీ గురి.

"తల కనపడకుండా పాము పేరు చెప్పగూడదు తమ్ముడా" అనేది. అదొక్కటే ఆమె పెట్టిన నియమం.

ఏడాది బాగానే నడిచింది. తరువాత ఒక మోడరేటర్ రావడం మానేశాడు. రెండోవాడు వచ్చినా గుడ్ మార్నింగ్ బొమ్మలు పెట్టి పోయేవాడు. బతిమాలాను. హెచ్చరించాను. వారం వారం ఎవరు ఎన్ని జవాబులు చెప్పారో అందరికీ కనబడేలా పట్టిక కూడా పెట్టాను. సిగ్గుపడి పని చేస్తారనుకున్నాను. సిగ్గుపడి పూర్తిగా మాయమైపోయారు. అంతలో ఫ్యాక్టరీ యంత్రంలో సరోజక్క కుడిచేతి వేళ్ళు నలిగాయి. ఆపరేషన్ చేశారు. రెండు నెలలు ఫోన్ ముట్టలేనని కూతురితో కబురు పంపింది. అంటే ఆమె ఏదీ రాయగల స్థితిలో లేదని నాకు తెలుసు. తెలిసే చేశాను.

ప్రశ్నలు పేరుకుపోతున్నాయి. జనం వేరే గ్రూపుల్లోకి వెళ్ళిపోతున్నారు. సరోజక్కకు ఖాతా తెరిచి పాస్‌వర్డ్ పెట్టి ఇచ్చింది నేనే, ఆమె దాన్ని ఎన్నడూ మార్చలేదు. ఒకరోజు ఆమెగా లోపలికి వెళ్ళాను. నా పేరుతోనే చెప్పొచ్చు కదా? చెబితే ఎవరు నమ్ముతారు, పాత్రలు అమ్మేవాడిని! మొదట "చూస్తున్నాను" అని మాత్రం రాసేవాణ్ణి. తరువాత సులువైనవాటికి జవాబులు. జెర్రిపోతు. నీరుకట్టు. నాగుపామైతే ఎవరికైనా తెలుస్తుంది. అన్నీ సరిపోయాయి. "నువ్వు దేవతవక్కా" అని రాసేవాళ్ళు. ఆ మాట ఆమెకు చేరాల్సింది, నేను చదువుకుని సంతోషించాను. అదీ ఒప్పుకోవాలి. ఫోరం మూతపడుతుందన్న భయంతోనే చేశానంటే అబద్ధమవుతుంది.

ఒక మధ్యాహ్నం గోపి అనే అతను ఫోటో పెట్టాడు. తేంగాయితిట్టు రేవులో చేపల వ్యాను నడుపుతాడు. ఇంట్లో బియ్యం డబ్బా వెనక పాము. నల్లటి ఒళ్ళు, తెల్లటి అడ్డ చారలు. తోక వైపు సగమే కనబడుతోంది, తల డబ్బా వెనక ఉంది. కట్లపాము అలాగే ఉంటుంది. విషం లేని ఇంకో చిన్నపాము కూడా అచ్చం అలాగే ఉంటుంది. కొట్లో పెళ్ళి సామాను కొనేవాళ్ళు నిలబడి ఉన్నారు. గోపి మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడు. ఇంకో ఫోటో తీయమని రాయడానికి ఎంతసేపు పడుతుంది? నా వేలు ఒక్క క్షణం ఆగింది కూడా. ఆ ఆగడం నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే అది గుర్తున్నంత కాలం తెలియక చేశానని నాకు నేను చెప్పుకోలేను.

"విషం లేనిది. భయపడొద్దు. తలుపు తీసిపెట్టండి, అదే పోతుంది" అని రాశాను. సరోజక్క పేరుతో.

"సంతోషం అక్కా" అన్నాడతను.

మరునాడు కొట్టు తెరిచి ఫోన్ చూసేసరికి గోపి రాసింది ఉంది. అతని భార్య లలిత కింద చాప మీద పడుకుంది. నిద్రలో కాటు పడిన సంగతే తెలియలేదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంది. కనురెప్పలు వాలిపోయాయి. ఆసుపత్రికి చేరేలోపే ఊపిరి ఆగిపోయింది. ఆఖరున అతను రాసిన వాక్యం ఇది: "అక్కా, నువ్వు భయం లేదంటేనే కదా మేము పొడుకునింది."

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నేనేం చేశానో తెలుసా? లాగిన్ వివరాలన్నీ చెరిపేశాను. జనం సరోజక్కను తిట్టిపోస్తుంటే, అడ్మిన్‌గా ఒక ప్రకటన పెట్టాను. ఇన్నాళ్ళుగా సరిగా పనిచేయనందుకు, నిర్లక్ష్యంగా జవాబిచ్చినందుకు కె. సరోజను తొలగిస్తున్నామని. న్యాయం చేసిన అడ్మిన్ అని చాలామంది మెచ్చుకున్నారు.

రెండు రోజులకు ఆమె కొట్టుకు వచ్చింది. కుడిచేతికి ఇంకా కట్టు ఉంది. స్టూలు చూపించినా కూర్చోలేదు.

"తమ్ముడా, ఏంది ఇది? నేను అట్ల రాసినానా?"

"నీ పేరుతోనే ఉంది కదక్కా."

"మాత్ర మింగి పగలంతా మత్తుగా పడుండాను. ఏం చేసినానో గ్యాపకమే లేదు." కట్టు ఉన్న చేతిని పైకెత్తి చూసుకుంది. "ఈ చేత్తో ఎట్ల రాసినాను?"

ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"ఎడంచేత్తో రాసుంటావులే అక్కా" అన్నాను.

ఆమె తన ఎడంచేతి వైపు చూసింది. చాలాసేపు చూసింది. అది ఎవరి చెయ్యో అన్నట్టు.

"అట్లనే అయుంటాదిలే" అని మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అక్కడి నుంచి తిన్నగా గోపి ఇంటికి వెళ్ళిందట. అతని కాళ్ళు పట్టుకుందట. అతను కాళ్ళు వెనక్కి తీసుకుని తలుపు వేసుకున్నాడట. తరువాత ఆమె ఏ పామునూ పట్టలేదు. ఫ్యాక్టరీలో ఇప్పుడు పాము కనబడితే కొట్టి చంపుతారు. ఫోరం కొన్నాళ్ళకు నేనే మూసేశాను, తీరిక లేదని అందరికీ చెప్పి.

నాలుగు వారాల కిందట ఆమె కూతురు కుక్కర్ కొనడానికి వచ్చింది. ఒర్లియంపేటలో తల్లీ కూతురూ కలిసే ఉంటారు. అమ్మ ఎలా ఉందని అడిగాను. అడగకుండా ఉండాల్సిందేమో.

"ఉండాది అన్నా. పొడుకునే ముందర ఫోను బీరువాలో పెట్టి తాళం ఏసి, తాళంచెవి నా చేతికిస్తాది. నిద్రలో నా చెయ్యి ఇంకేమైనా రాస్తాదేమో పాపా, అంటాది. దినమూ ఇదే. ఆ ఎడంచేత్తో గిన్నె కూడా పట్టుకోదు."

కుక్కర్ కాగితంలో చుట్టబోయాను. చుట్టలేకపోయాను. పనివాడు వచ్చి చుట్టి ఇచ్చాడు.

లలితను చంపింది ఒక తొందరపాటు అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. మరి సరోజక్కను? అది తొందరపాటు కాదు. ఎదురుగా నిలబడి, కళ్ళలోకి చూస్తూ, ఆమె చేతినే ఆమెకు శత్రువును చేశాను. ఏ పాము చేస్తుంది ఆ పని?

ఇదంతా తెలుగు లిపిలో రాస్తున్నాను. మా ఊళ్ళో మావాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడినా చదివింది తమిళం, ఫోరంలో రాసుకున్నదీ తమిళంలోనే. నాకు మా నాయన పట్టుబట్టి నేర్పించాడు. సరోజక్కకు ఈ అక్షరాలు రావు. గోపికీ రావు. అది తెలిసే ఈ లిపి ఎంచుకున్నానా? అవును. ఒప్పుకునేటప్పుడు కూడా దాక్కునే చోటు వెతుక్కున్నాను.

అయినా ఒక్కచోటైనా ఈ మాట ఉన్నది ఉన్నట్టు ఉండాలి. అక్కా, నువ్వు రాయలేదు. నీ కుడిచెయ్యీ రాయలేదు, ఎడంచెయ్యీ రాయలేదు. నేను రాశాను.

రాసి ఇప్పుడే కలం కింద పెట్టాను. ఆరేళ్ళ తరువాత ఊపిరి కొంచెం లోపలిదాకా వెళుతోంది. వెళుతున్నందుకు సిగ్గుగా ఉంది.