మగ్గం ఆపమన్నది నేనే

తెలంగాణ రాష్ట్రం వచ్చిన నాలుగో ఏడాది, జూన్ మొదటి వారంలో నన్ను రామన్నపేట షూటింగుకు వేశారు. హైదరాబాదులోని ఒక ప్రైవేటు టీవీ చానల్లో నేను అప్పుడు సీనియర్ ఆడియోగ్రాఫర్‌ని. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లుంది. తెర మీద వినబడే ప్రతి మాటకూ పూచీ మాదే. బొమ్మ బాగుంటే కెమెరామన్‌ను మెచ్చుకుంటారు, మాట వినబడకపోతే మాత్రం మమ్మల్ని తిడతారు. హోదాలో డైరెక్టర్, కెమెరామన్‌ల తర్వాతే మేము. కానీ షాటు మధ్యలో "ఆపండి" అనే హక్కు ముగ్గురికీ సమానం.

కార్యక్రమం రియాలిటీ సీరియల్. సొంతంగా పని మొదలుపెట్టిన ఒక భార్యాభర్తల జంట వెంట రెండు నెలలు తిరిగి, పదమూడు ఎపిసోడ్లు తీయాలి. మాకు దొరికిన జంట రామన్నపేట దగ్గరి ఊళ్లో నేతపనివాళ్లు, వెంకటేశం, సుగుణ. ఆసామి దగ్గర, అంటే నూలిచ్చి కూలికి నేయించుకునే పెద్దమనిషి దగ్గర, పెళ్లయిన నాటి నుంచీ నేసినవాళ్లు. ఆ ఏడాదే బయటికొచ్చి, ఇంటి ముందు రేకుల షెడ్డు వేసి రెండు గుంట మగ్గాలు పెట్టుకున్నారు. మొదటి ఆర్డరు ఆరు పట్టుచీరలు. హైదరాబాదులో చీరల దుకాణం నడిపే రమాదేవిగారు ఇచ్చారు. అవి నచ్చితే ఏడాది పొడుగునా పనిస్తానన్నారు. నచ్చకపోతే మళ్లీ ఆసామి గడప ఎక్కాల్సిందే, అదీ ఆయన రానిస్తే. ఆ సంగతి మా అందరికీ తెలుసు. సీరియల్‌కు కావలసిన ఉత్కంఠ అదేనని మా డైరెక్టర్ సంతోషపడ్డాడు కూడా.

పొద్దున్నే ఇద్దరికీ కాలర్ మైకులు ఇచ్చేవాణ్ణి. ఒక్కోటి గోరంత ఉంటుంది. వెంకటేశం అంగీకి నేనే పెట్టేవాణ్ణి, సుగుణ కొంగు చాటున తనే పెట్టుకునేది. అక్కడి నుంచి సాయంత్రం సామాను సర్దేదాకా వాళ్లు ఎంత మెల్లగా మాట్లాడుకున్నా నా హెడ్‌ఫోనులో పడుతుంది. ప్రతి షాటుకూ సౌండ్ రిపోర్టు రాయాలి. టైము, షాటు నంబరు, మాట ఎంత స్పష్టంగా ఉందో రాసే గడి. అది బాగుంటే ఓకే.

ఇబ్బందల్లా మగ్గం చప్పుడుతోనే. పేక పోగును మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తుతుంటే, ఆ పోగును దగ్గరికి నెట్టే పలక ఠక్కున కొడుతుంటే మాట అందులో మునిగిపోతుంది. వాళ్లు నోరు విప్పినప్పుడల్లా నేను చెయ్యెత్తి ఆపమనేవాణ్ణి. వాళ్లు ఆపేవాళ్లు. కెమెరామన్ వెంటనే "కదలొద్దు" అనేవాడు. చేతులు ఎక్కడున్నవి అక్కడే ఉండాలి, లేకపోతే ముందు షాటుకు ఈ షాటు అతకదు. మాట అయిపోయాక మళ్లీ నేత. సుగుణ మాట తీరు డైరెక్టర్‌కు నచ్చడంతో ఆమె మగ్గమే ఎక్కువసార్లు ఆగేది. శుభ్రమైన సౌండు వస్తోందని నేను మహా మురిసిపోయాను, నా మొహం!

రెండో వారానికి ఆ ఇంట్లో ఏదో తేడా కనిపించింది. మొదట్లో అన్నం తిన్నారా అని మమ్మల్ని వెంటపడి అడిగిన సుగుణ మాట తగ్గించింది. మేము టీ తాగడానికి బయటికి రాగానే షెడ్డులోకి పోయి నేసిన గుడ్డ మీద వేళ్లతో తడిమి చూసుకునేది. వెంకటేశం మమ్మల్ని చూసి నవ్వేవాడు గానీ ఆ నవ్వు పెదాలు దాటేది కాదు. నాకు మనసులో గుబులుగానే ఉండేది. కెమెరా అంటే బెరుకులే అని సర్దిచెప్పుకున్నాను.

శ్రావణం ముందు రమాదేవిగారు సరుకు చూడటానికి వచ్చారు. ఒక్కో చీర విప్పి, గుమ్మంలో వెలుతురుకు ఎత్తి పట్టారు. ఆరింటిలో నాలుగు చీరలకు అడ్డంగా సన్నటి గీతలు. ఒకచోట పోగులు పలచగా, ఇంకోచోట చిక్కగా. చేతిలో నిలకడ లేదమ్మా, ఇవి నా దుకాణంలో పెట్టలేను అన్నారావిడ. వెంకటేశం గోడకు ఆనుకున్నాడు. సుగుణ చీరలు మడతపెట్టడం మొదలుపెట్టింది, గీతలు లోపలి మడతలోకి పోయేలా. ఆ చేతుల మీద కెమెరా పెట్టించి, గీతలు ఎక్కువ ఎవరి మగ్గం మీద పడ్డాయో భర్త నోట చెప్పించాలని మా డైరెక్టర్ పట్టుబట్టాడు. భార్యాభర్తలకు జగడం పెడితే ఎపిసోడ్ నిలబడుతుందని అతని లెక్క. వెంకటేశం గోడ వదిలి వచ్చి సుగుణ పక్కన నిలబడ్డాడు.

"ఇద్దరిదీ ఒకటే చెయ్యి అనుకోండ్రి సారు" అన్నాడు.

గీతలు పడ్డది వాళ్ల చేతి వల్ల కాదు. నేతపనివాడు మగ్గం దిగేటప్పుడు పడుగును, అంటే నిలువు పోగులను, కాస్త వదులు చేసి దిగుతాడు, మళ్లీ కూర్చున్నాక బిగువు సరిచూసుకుంటాడు. మేము వాళ్లను బిగువు మీదే బొమ్మల్లా కూర్చోబెట్టాం. ఆగిన చోట పడుగు సాగింది, మళ్లీ కొట్టిన పోగు సరిగా కూర్చోలేదు. ఈ సంగతి నాకు అప్పటికి తెలియదు. అందరూ టీకి బయటికి పోయాక షెడ్డు మూలన కూర్చుని, గీతల గురించి వాళ్లేమైనా అనుకున్నారేమోనని రికార్డరులో పాత ఫైళ్లు విన్నప్పుడు తెలిసింది. రెండో రోజు, మూడో షాటు. సుగుణ గొంతు, గంట కొట్టినంత స్పష్టంగా:

"గిట్ల ఆపితే గీత పడ్తాంది, సూడు. జర సారుకు చెప్పరాదు."

దానికి వెంకటేశం: "ఇంటికొచ్చినోళ్లను ఎట్ల వద్దంటం? సదువుకున్నోళ్లు, వాళ్లకు ఎర్కలేదా?"

ఆ షాటు ఎదురుగా నా రిపోర్టులో నా దస్తూరీతోనే ఉంది: మాట స్పష్టం, ఓకే. తర్వాతి రోజుల్లో అదే మాట ఇంకో మూడుసార్లు దొరికింది. మూడింటికీ ఓకే రాశాను. గొంతు పగులుతోందా, గాలి చప్పుడు వస్తోందా అని చూశానే తప్ప ఆ మనిషి ఏమంటోందో వినలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ముందు డైరెక్టర్‌కు వినిపించాను. ఇది బయటపడితే తప్పు మన యూనిట్ మీదికి వస్తుంది, చెరిపెయ్యండి అన్నాడు. ప్రసారం కాని సౌండు చానల్ సొత్తు, బయటివాళ్లకు వినిపించకూడదని మా నిబంధన. చానల్లో చేరిన నాటి నుంచీ నేను దాన్ని దాటలేదు. రమాదేవిగారు అప్పటికే కారెక్కారు. అయినా రికార్డరు పట్టుకుని పోయి, కారు అద్దం దింపమని సైగ చేసి, హెడ్‌ఫోను ఆవిడ చేతికిచ్చాను.

ఆవిడ రెండుసార్లు విన్నారు.

"ఈ మాట మీకు రెండో రోజే వినబడిందా?"

"వినబడిందమ్మా. నేనే వినలేదు."

ఆవిడ కారు దిగి లోపలికి నడిచారు. గీతలు పడ్డ నాలుగు చీరలు తీసుకోలేదు, దుకాణం పేరు పోతుందని చెప్పారు. మంచివి రెండూ తీసుకుని, మళ్లీ నాలుగు నేసిమ్మన్నారు. ఒకటే షరతు: అవి పూర్తయ్యేదాకా షెడ్డులోకి కెమెరా రాకూడదు. మా సీరియల్ అక్కడితో ఆగిపోయింది. నాకు మెమో వచ్చింది. దానికి నేను సంజాయిషీ రాయలేదు, జరిగింది రాశాను.

వచ్చేసేముందు సుగుణకు క్షమాపణ చెప్పాను. ఆమె మైకు విప్పి నా చేతిలో పెట్టింది.

"మీరేం జేస్తరు సారు. పైనోళ్లు చెప్తే ఆపమంటున్నరనుకున్నం" అంది.

పైన ఎవరూ లేరమ్మా, అది నా సొంత ఆలోచనే అని చెప్పాల్సి వచ్చింది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను పలికిన మాటల్లో అంత కష్టమైనది ఇంకోటి లేదు. ఆమె తల ఊపి, పోయి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుంది.

ఆ తర్వాత పనిచేసిన మూడేళ్లూ సౌండ్ రిపోర్టులో నా చేత్తో ఒక గడి అదనంగా గీసుకున్నాను. అందులో మాట ఎలా వినబడిందో కాదు, ఏమన్నారో రాసేవాణ్ణి. ఆఫీసులో ఎవరూ దాన్ని చదివేవాళ్లు కాదు. అది రాయాలంటే నేను వినాలి, అందుకే రాశాను.