జెర్రి లైను మారినప్పుడు

మొన్న ఆదివారం మా అమ్మాయి సోఫాలో పడుకుని ఫోనులో ఏదో ఆట ఆడుతోంది. నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. ఫోనులోంచి టకటకటకమని సన్నని చప్పుడు వినబడింది. అంతే, నా ఎడమ చెయ్యి దానంతటదే లేచి గాలిలో దేన్నో కుడివైపుకు తోసింది. కాయలన్నీ నేలపాలు. "ఏటమ్మా, దోమా?" అంది అమ్మాయి. దోమ కాదు, జెర్రి. తొంగి చూస్తే అదే ఆట! పుట్టగొడుగుల మధ్య అడ్డంగా పాకుతూ, అంచు తగలగానే ఒక వరస కిందికి దిగి వెనక్కి తిరిగే జెర్రి, అడుగున దాన్ని కాల్చే చిన్న తుపాకీ. పాత ఆటల్ని ఇప్పుడు ఫోన్లలోకి తెచ్చారట. నాకు మాత్రం వరహాలమ్మ టీచరే ఇంటికొచ్చినట్టయింది.

టీచరు విజయనగరంలో ఒక బట్టల కొట్టు మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. నాకు టైపు నేర్పింది ఆవిడే. ఆ చదువుతోనే ఒక ఆఫీసులో టెంపరరీ టైపిస్టుగా చేరాను. నాన్న పోయాక మా ఇంటికి ఆ జీతమే ఆధారం. అంతలో ఆఫీసుకి కంప్యూటరు వచ్చింది. దానికో ఏసీ గది, కిటికీలకు పరదాలు. గుళ్లోకి వెళ్లినట్టు చెప్పులు బయట విడిచి వెళ్లాలి. దాని మీద టైపు చేయగలిగినవాళ్లనే ఉంచుతామని, త్వరలో పరీక్ష పెడతామని మేనేజరు చెప్పారు. నేను ఆ గది గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేసేదాన్ని. తిన్నగా టీచరు దగ్గరికి పోయి ఏడ్చాను.

"ముట్టుకుంటే కరుస్తాదేటే?" అన్నారు టీచరు. అప్పటికే ఆవిడ తమ్ముడు మద్రాసు నుంచి ఒక చిన్న కంప్యూటరు తెచ్చి ఇచ్చాడు. దాన్ని టీవీకి తగిలించి, పక్కన టేప్‌రికార్డరులో ఆట ఉన్న క్యాసెట్టు వేస్తే అది కాసేపు చెవులు చిల్లులు పడేలా గీపెట్టేది. ఆ తర్వాత తెర మీద జెర్రి దిగేది. నేను ఉత్తరాలు కొట్టడం నేర్పుతారనుకుని వెళితే, "ముందు దీన్ని సంపు. ఉత్తరాల సంగతి తరవాత సూద్దాం" అని నన్ను దాని ముందు కూర్చోబెట్టారు.

చంపడం సంగతి దేవుడెరుగు, నా చెయ్యే నా మాట వినలేదు. టైపు మిషను మీద లైను చివరికి వచ్చేసరికి టింగుమని గంట మోగుతుంది, ఎడమ చేత్తో పిడిని తోసి కొత్త లైనుకు రావాలి. జెర్రి అంచుకు చేరినప్పుడల్లా నాకు ఆ గంట వినబడేది. చెయ్యి మీటల మీంచి లేచిపోయేది. ఈలోగా జెర్రి వచ్చి మీద పడేది.

"లైను మారతంది అదే, నువ్వు కాదు!" అని టీచరు పడీ పడీ నవ్వారు. తరవాత ఆవిడే ఆడడానికి కూర్చున్నారు. జెర్రి అంచుకు చేరిందో లేదో ఆవిడ చెయ్యీ లేచింది. "నవ్వకే! నాది నీకంటే ముసలి సెయ్యి" అన్నారు. ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం. ఆఫీసు గది పేరు చెబితే పుట్టే భయం ఆ నవ్వులో సగం పోయింది.

మర్నాటి నుంచి టీచరు నా ఎడమ పక్కనే స్టూలు వేసుకుని, నిండు టీ గ్లాసు పట్టుకుని కూర్చునేవారు. కట్టేది గంజి పెట్టిన తెల్లచీర. "సెయ్యి లేస్తే నా సీర పాడవుతాది. నీ ఇష్టం" అనేవారు. రెండుసార్లు పాడయింది కూడా. రెండుసార్లూ తిట్టలేదు, మళ్లీ టీ పోసుకొచ్చి అక్కడే కూర్చున్నారు.

ఒకరోజు జెర్రిని సరిగ్గా నడుము మీద కొట్టాను. అది రెండుగా తెగి, రెండు ముక్కలూ చెరో వైపు నడిచాయి. అప్పటికి ఇన్‌స్టిట్యూట్‌లో సగం మిషన్లు ఖాళీగా ఉంటున్నాయి. "అందరూ కంప్యూటరు నేర్చుకుంటే మీ సంగతేంటి టీచర్?" అని అడిగాను. ఆవిడ టీ ఒక గుక్క తాగి, "వెయ్యి కాళ్ల జెర్రికి ఒక కాలిరిగితే ఏటవుతాదే? నానూ ఇదే నేర్పుతాను" అన్నారు. అన్నట్టే మరుసటేడు బోర్డు మార్చారు.

పరీక్ష రోజు చెప్పులు విడిచి ఆ గదిలోకి వెళ్లాను. మేనేజరు కుడి పక్కన నిలబడి ఒక ఉత్తరం ఇచ్చారు. మొదటి లైను అంచుకు వస్తోంది. గంట వినబడింది. చెయ్యి లేవబోయింది. పక్కన తెల్లచీర, నిండు గ్లాసు ఉన్నట్టే అనిపించి ఆగిపోయింది. తెర మీద లైను దానంతటదే కిందికి దిగింది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఉత్తరం పూర్తి చేశాను. ఆ ఆఫీసులోనే పర్మనెంటు అయ్యాను, అక్కడే రిటైరయ్యాను.

టీచరు ఇప్పుడు లేరు. లేచి కూర్చున్న అమ్మాయి చేతిలోంచి ఫోను తీసుకుని, పక్కనే కూర్చుని నేనూ ఒక ఆట ఆడాను. జెర్రి బాగానే చచ్చింది. "ఏటమ్మా, సోఫా అంతా ఖాళీ ఉంటే నా మీదకొచ్చి పడతన్నావు? జరుగు" అంది అమ్మాయి. అప్పుడు చూసుకున్నాను, నా ఎడమ పక్క ఒక మనిషి కూర్చునేంత చోటు వదిలి ఉంది. నేను జరగలేదు.