ఎండలో ఆరిన తంగేడు పూలు

మా వీధిలో ఎవరో మిద్దె మీద శనక్కాయలు ఎండబోశారు. ఆ మట్టి వాసన తగిలితే నాకు తంగేడు పూలు గుర్తుకొస్తాయి. వాటిని ఎట్లా ఆరబెట్టానో సుభద్ర మేడమ్‌కు నేను చాలా ఏళ్లు చెప్పలేదు.

ఎనభైల మొదట్లో, అనంతపురంలో ఒక కళాశాల ప్రయోగశాలలో నేను ఆమె దగ్గర పరిశోధన విద్యార్థిగా ఉండేవాణ్ణి. ఒంట్లో పుట్టే కొన్ని విషపదార్థాలు రక్తనాళాల లోపొర కణాలను దెబ్బతీస్తాయి. వానలేని బీడులో బతికే తంగేడు తన పూలలో దాచుకున్నదేదో ఆ కణాలను కాపాడుతుందని మేడమ్ నమ్మకం. పొద్దున్నే మాంసం కొట్టుకు పోయి గొర్రె గుండె దగ్గరి పెద్ద నాళం తెచ్చేవాణ్ణి.

"అందరూ కండ అడిగితే నువ్వు గొట్టం అడుగుతాండావు, ఏమప్పా!" అని కొట్టు ఖాదర్ నవ్వేవాడు.

నాళం లోపొర గీకి, కణాలను పూల రసంలో ఉంచి, అలాంటి విషమే అయిన పెరాక్సైడ్ పోసి, నీలిరంగు కలిపేవాళ్లం. చచ్చిన కణం నీలమవుతుంది. బతికింది రంగును లోపలికి రానీయదు. రంగు పట్టని కణాలను మొదటిసారి చూసిన రోజు మేడమ్ నన్ను కేకేసి పిలిచారు. "చూడప్పా ఓబులేసూ, మన బీడు చెట్టు ఎట్ల అడ్డం నిలబడిందో!"

మరుసటి ఏడు అదే ఫలితం మళ్లీ రావాలి. ఎండ తగిలితే గుణం పోతుందని, పూలు నీడలోనే ఆరాలని ఆమె గట్టిగా చెప్పారు. అప్పుడు బత్తలపల్లె దగ్గర మా చేనులో శనక్కాయ పీకుతున్నారు. పూల మూటతోనే ఇంటికి పోయాను. మాకు ఆరబెట్టడమంటే బండ మీద ఎండకు పరచడమే. కాయల పక్కనే పూలనూ పరిచాను.

ఈసారి సూక్ష్మదర్శిని కింద అంతా నీలమే.

"నీడలోనే ఆరబెట్టినావు కదా?" అని మేడమ్ అడిగారు.

"అవును మేడమ్."

ఒప్పుకుంటే పంపించేస్తారని భయపడ్డాను. ఆమె నన్ను నమ్మి, తన మొదటి ఫలితాన్ని అనుమానించారు. తోటి అధ్యాపకుల ముందు నిలబడి, "నేనే తొందరపడినాను. తంగేడు కాపాడలేదు" అని చెప్పారు. "బీడు చెట్టుకు అంత శక్తి యాడిదిలే" అని వెనక ఎవరో అంటే కొందరు నవ్వారు. నేను తల ఎత్తలేదు. ఆమె ఆ పని మళ్లీ ముట్టుకోలేదు. నాకు మాత్రం వేరే అంశమిచ్చి, పట్టా వచ్చేదాకా వెంట నిలిచారు.

నేను అధ్యాపకుణ్ణయ్యాక నీడలో ఆరిన పూలతో ఆ ప్రయోగం చేసి చూశాను. కణాలు బతికాయి. అప్పుడు కూడా ఆమెకు చెప్పడానికి నోరు రాలేదు. నా విద్యార్థుల ప్రయోగం చెడిపోతే ఇప్పటికీ నేను గొంతు పెంచను. భయపడినవాడు ఏం చెబుతాడో నాకు తెలుసు.

పోయిన ఏడు హిందూపురంలో ఆమె ఇంటికి వెళ్లి అంతా చెప్పాను. మేడమ్ నా వైపు తిరిగి అడిగారు.

"అయితే నేను మొదట చూసింది నిజమేనా?"

"నిజమే మేడమ్. అబద్ధం నాది. మీ చేత అందరి ముందు తప్పు ఒప్పించినాను. నన్ను క్షమించండి."