జోడీగా నేను చెప్పిన మాట

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోయగా మోయగా బరువు అలవాటైపోతుందంటారు. నాకు కాలేదు. ట్యాంక్‌బండ్ మీదుగా బస్సు వెళుతుంటే కిటికీ వైపు కూర్చోను, నీళ్లు చూడాల్సి వస్తుందని. నవ్వొస్తోందా? నవ్వండి, ఫర్వాలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మౌలాలిలో ఉంటాను. ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. వయసులో ఉన్నప్పుడు నాకు పడవల పిచ్చి పట్టింది. కయాక్ అని, మనిషి నడుము దాకా దూరి కూర్చునే సన్నటి పడవ. నీళ్లు లోపలికి రాకుండా నడుము చుట్టూ రబ్బరు పట్టా బిగించుకుంటాం. పడవ తిరగబడితే మనిషి నీళ్లలో తలకిందులుగా వేలాడతాడు. అప్పుడు తెడ్డుతో నీటిని లాగి, నడుము తిప్పి, పడవతో సహా పైకి లేవాలి. ఆ పల్టీ రానివాళ్లు కొండ నదిలోకి దిగకూడదు. సికింద్రాబాద్‌లో కొండ నది ఎక్కడ దొరుకుతుంది? ఒక స్విమ్మింగ్‌పూల్ వాళ్లను బతిమాలుకుని, పొద్దున్నే పిల్లల క్లాసులు మొదలుకాకముందే నేర్చుకునేవాళ్లం.

మాకు నేర్పింది మూర్తన్న. అందరికంటే పెద్దవాడు, నెమ్మదస్తుడు. నేర్చుకునేవాళ్లలో నాతోపాటు స్వరూప ఉండేది. సీతాఫల్‌మండి అమ్మాయి, రైల్వేలో ఉద్యోగం. ఇంకో ఇద్దరు కుర్రాళ్లు. ఒక చలికాలమంతా కూర్చుని పెద్ద ప్రయాణం ఒకటి ప్లాన్ చేసుకున్నాం. ఈశాన్యంలో ఒక నది. వారం రోజులు. రెండు వైపులా అడవి, మధ్యలో ఊరు లేదు, ఫోను పలకదు. తిండి, గుడారం, మందులు అన్నీ పడవలోనే.

ఆ ప్లానంతా స్వరూపదే అనాలి. ఏ రోజు ఏ ఇసుకమేట మీద పడుకోవాలి, ఎవరికైనా కాలు విరిగితే అడవిలోంచి రోడ్డెక్కే దారి ఎక్కడుంది, వానలు తగ్గాక నీళ్లు ఎంతకు దిగితే బయల్దేరవచ్చు, అన్నీ అక్కడి వాళ్లకు ఫోన్లు చేసి కనుక్కుంది. అటుకులు, పప్పుపొడి, పల్లీపట్టీలు తప్ప వేరే తిండి మోయనివ్వనంది. నేను ఆవకాయ అడిగితే, సీసా నెత్తిన పెట్టుకుని రమ్మంది. అంత సంతోషంగా నేనెప్పుడూ లేను. ఆఫీసులో కనబడ్డవాడికల్లా చెప్పాను. ఇంట్లో అత్తగారికి కూడా ఫొటోలు చూపించాను. అసలు తప్పు అక్కడే మొదలైందేమో. అంత డప్పు కొట్టుకున్నాక వెనక్కి ఎలా తగ్గుతాను?

ఎందుకంటే నాకు పల్టీ సగమే వచ్చు. కుడివైపు పడితే లేచేవాణ్ణి, ఎడమవైపు పడితే లేవలేను. అందుకని ఎప్పుడూ కుడివైపే పడేవాణ్ణి. అది ఎవరూ గమనించలేదు.

మా జట్టుకు ఒక పద్ధతి ఉండేది. ఇద్దరిద్దరం జోడీలు. నదికి వెళ్లేముందు పూల్‌లో ఒకరి పల్టీ ఒకరు చూడాలి. తర్వాత మూర్తన్న దగ్గరికి విడిగా వెళ్లి, నా జోడీ వస్తే సరే అనో, వద్దనో చెప్పాలి. వద్దంటే ఎందుకని మూర్తన్న తిరిగి అడగడు. ఎవరి పరువూ పోకుండా నిజం చెప్పుకోవడానికి పెట్టుకున్న పద్ధతి అది. నా జోడీ స్వరూప.

ఆ పొద్దున ఆమె రెండు వైపులా పల్టీ కొట్టి సునాయాసంగా లేచింది. తర్వాత నా వంతు. ఎడమవైపు పడమంది. పడ్డాను. లేవలేకపోయాను. రబ్బరు పట్టా లాగేసి బయటికి ఈదవచ్చు, ఆ పట్టా కొస నా చేతికి దొరకలేదు. దొరకలేదా, వెతకలేదా? చేతులు ఆడలేదు. అంతే. స్వరూప ఈదుకుంటూ వచ్చి నా పడవ పట్టుకుంది. నేను ఆమె మెడ పట్టుకుని కిందికి లాగాను. కావాలని కాదు. మునిగేవాడు ఏది దొరికితే అది పట్టుకుంటాడు. ఆమె నీళ్లు మింగింది, అయినా వదలకుండా నా పడవను తిప్పింది. ఇద్దరం దగ్గుతూ పైకి వచ్చాం. ఆమె ముక్కులోంచి, నోట్లోంచి నీళ్లు. నా వీపు తట్టి బట్టలు మార్చుకోవడానికి వెళ్లింది.

గేటు దగ్గరి నుంచి మూర్తన్న పరుగున వచ్చాడు. అంత దూరం నుంచి ఆయనకు కనబడింది నీళ్లు చిమ్మడం, స్వరూప దగ్గడం మాత్రమే.

"ఏమైందిరా?" అన్నాడు.

"స్వరూప భయపడ్డది అన్నా. నేను పైకి గుంజిన. నదికి వద్దు" అన్నాను.

అడక్కముందే జోడీగా నా మాట కూడా చెప్పేశాను. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నట్టు. మూర్తన్న తలూపాడు, పద్ధతి ప్రకారం ఇంకేమీ అడగలేదు. భయపడ్డ మనిషిని ఇంకా కదిలించడమెందుకని, నా గురించి స్వరూపనూ అడగలేదు. స్వరూప మనసు నొప్పించడం ఇష్టం లేక, అడవిశాఖ పర్మిషన్ నలుగురికే వచ్చిందని ఆమెతో చెప్పాడు. ఆమె నమ్మింది. మేము బయల్దేరే రోజు సికింద్రాబాద్ స్టేషన్‌కు వచ్చి అటుకుల సంచులు చేతికిచ్చి, జాగ్రత్త అన్నా అని నాకు చెప్పింది.

వెళ్లాను. ఆమె ఎంచిన ఇసుకమేటల మీదే పడుకున్నాను. నీళ్లు ఉరిమే చోటల్లా పడవ భుజానికెత్తుకుని ఒడ్డున రాళ్ల మీద నడిచాను. ఎందుకు నడుస్తున్నావని అడగకూడదు, అదీ మావాళ్ల పద్ధతే. ఎవరూ అడగలేదు. మూర్తన్న కూడా రెండు చోట్ల నడిచాడు, నవ్వుతూనే. భయమేస్తోందని చెప్పడానికి అంత చోటున్న ఆటలో, నా భయాన్ని తీసుకెళ్లి నన్ను కాపాడిన మనిషి మీద వేశాను. ఇది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

తర్వాత స్వరూప మెల్లగా పూల్‌కు రావడం మానేసింది. పెళ్లి, పిల్లలు, డ్యూటీలు అనుకున్నాను. అలా అనుకోవడం నాకు హాయిగా ఉండేది.

ఈ మధ్య ఆమే ఫోన్ చేసింది. కొత్త పిల్లలు కొందరు తయారయ్యారట. మళ్లీ ఆ నదికే. ప్లాన్‌కు సాయం పట్టమంది. సీతాఫల్‌మండిలో వాళ్ల డాబా మీద మ్యాప్ పరిచి కూర్చున్నాం. కాగితం మీద పేర్లు రాసి పడవలన్నీ పంచింది. ఆమెకు పడవ లేదు.

"నీ పడవేది?" అన్నాను.

"నేను దిగ అన్నా. చివర్ల రోడ్డు మీద బండి తీస్కొని ఉంట."

"ఎందుకు?"

"ఎందుకంటే ఏంది? అప్పట్ల మా తమ్ముని పెండ్లిల మూర్తన్న నోరుజారి చెప్పిండు. పూల్‌ల నేను పరేషానై నిన్ను సుత ముంచబోయిన్నంట. పిల్లల్ని తీస్కపోయి గట్ల చేస్తే ఎట్ల?"

"నీకట్ల యాదికుందా?"

"యాది ఏడిది? నీ పడవ పట్టిన, నీళ్లు మింగిన, దగ్గిన. ఆ నీళ్లల్ల ఎవరు ఎవరిని గుంజిన్రో ఏం తెల్వదు. నువ్వు పక్కనే ఉంటివి. నువ్వెందుకు అబద్ధం చెప్తవ్?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఒక ప్రయాణం పోగొట్టాననే ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆమెకు తన మీదున్న నమ్మకమే తీసేశానని అప్పుడు తెలిసింది. అప్పుడైనా చెప్పానా? లేదు. చాయ్ తాగి, జెర పనుందని లేచి వచ్చేశాను.

మర్నాడు ఆఫీసు నుంచి ఇంటికి పోకుండా ఎంఎంటీఎస్ రైల్లో నేరుగా సీతాఫల్‌మండి వెళ్లాను. గడపలోనే నిలబడి మొత్తం చెప్పాను. ఆమె మొహం ఎర్రబడింది.

"నాకొక్కదానికి చెప్తే ఏం ఫాయిద? ఐతారం అందరొస్తరు. ఆడ చెప్పు" అని తలుపు వేసుకుంది.

ఆదివారం వెళ్లాను. మెట్ల దగ్గరి నుంచే తిరిగి వచ్చేద్దామా అని రెండుసార్లు ఆగాను. మూర్తన్న ఉన్నాడు, కొత్త పిల్లలున్నారు. కూర్చోకుండానే చెప్పాను. ఎడమవైపు లేవలేనని, ఆమె మెడ పట్టుకున్నానని, ఆమే నన్ను పైకి తీసిందని. మూర్తన్న చేత్తో నుదురు రుద్దుకుంటూ, ఒక్కమాట ఆమెను అడగకపోతినే అని తనను తానే తిట్టుకున్నాడు. స్వరూప నా వైపు చూడలేదు. మ్యాప్ తన ముందుకు లాక్కుని, "రోడ్డు మీద బండికి ఇంకొకల్ని చూడుండ్రి. ముందు పడవ నాది" అంది.

పిల్లలు ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఆమె వాళ్లకు మొదటి రోజు దారి వేలితో చూపిస్తోంది. నన్ను ఉండమనలేదు, పొమ్మనలేదు. క్షమించమని నేను అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతాను? ఆమె ఇప్పటికీ నాకు ఫోన్ చేయలేదు. చేయకపోవచ్చు కూడా.

కానీ ఆమె ఆ నదిలోకి దిగుతుంది. ఈసారి దిగుతుంది. ఆ సంగతి తలచుకుంటే చాలు, నాకు ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. వాళ్లకు చెప్పాను, ఇప్పుడు మీకూ చెబుతున్నాను. ఆ రోజు నీళ్లలో భయపడింది నేను.